విల్లు సీజన్‌లోకి క్రాస్‌బో: అమెరికా దుప్పి వేటలో తెగని పంచాయితీ

క్లుప్తంగా

అమెరికాలో దుప్పి వేటకు తుపాకీ సీజన్ వేరు, విల్లు సీజన్ వేరు. విల్లు సీజన్ నెలల తరబడి నడుస్తుంది. తుపాకీ సీజన్ చాలాచోట్ల వారం, రెండు వారాలే. తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కే క్రాస్‌బోను ఈ రెంటిలో దేనిలోకి రానివ్వాలన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా తేల్చుకుంది. తూర్పున, మధ్య ప్రాంతంలో ఉన్న రాష్ట్రాలు చాలావరకు విల్లు సీజన్‌లోకి రానిచ్చాయి. పడమటి కొండ రాష్ట్రాలు చాలావరకు రానివ్వలేదు. రానిచ్చిన చోట దుప్పులు తరిగిపోలేదు గానీ, ఎవరు ఏ రోజుల్లో వేటాడుతున్నారన్నది మారింది. తగువంతా ఆ రోజుల గురించే.

వేటకు ప్రభుత్వమే తేదీలు పెట్టడం ఎందుకు

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను చంపడం నేరం. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. ఇక్కడ పుట్టి పెరిగినవారికి, ప్రభుత్వమే లైసెన్సు అమ్మి ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కొట్టుకోవచ్చు’ అని ప్రకటించడం వింతగానే ఉంటుంది. అమెరికాలో ఆ పద్ధతి వెనక ఒక చరిత్ర ఉంది.

1900 ప్రాంతానికి అక్కడి తెల్లతోక దుప్పి దాదాపు అంతరించే దశకు చేరింది. మాంసం, తోళ్లు బజారులో అమ్ముకోవడానికి ఏడాది పొడవునా వేటాడటంతో దేశం మొత్తం మీద ఐదు లక్షల లోపే మిగిలాయని అంచనా. ఆ తర్వాత వేట మాంసం అమ్మకాన్ని నిషేధించారు. అడవి జంతువు భూమి యజమానిది కాదని, ప్రజలందరి తరఫున రాష్ట్రం కాపాడే ఆస్తి అని ఒప్పుకున్నారు. ఆ కట్టుబాట్లు పనిచేశాయి. ఇప్పుడు దుప్పులు దాదాపు మూడు కోట్లు. చాలా తూర్పు రాష్ట్రాల్లో వాటిని తినే తోడేళ్లనూ పెద్దపిల్లులనూ మనుషులు ఎప్పుడో తుడిచిపెట్టేశారు. అందుకే సంఖ్యను అదుపులో ఉంచే పని చాలావరకు లైసెన్సు తీసుకున్న వేటగాడి మీద పడింది. (జింక అని రాయడం వార్తల్లో అలవాటే. కానీ తెల్లతోక మృగం కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మచ్చల జింక అని పిలిచే మన చుక్కల దుప్పి కుటుంబమే అది. ఇక్కడ దుప్పి అనే రాస్తున్నాం.)

డబ్బు కూడా అక్కడి నుంచే వస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలు చేసే ప్రత్యేక పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. 1970లలో విల్లు, బాణాల సరంజామానూ ఆ పన్ను కిందికి తెచ్చారు. దానికి లైసెన్సు రుసుము తోడవుతుంది. వేటగాళ్లు తగ్గితే దుప్పులు పెరుగుతాయి, శాఖ ఖజానా తగ్గుతుంది. ఈ రెండూ ఒకేసారి జరుగుతాయన్న భయం క్రాస్‌బో చర్చలో మొదటి నుంచీ ఉంది.

క్యాలెండరే రేషన్

ఇప్పటి పద్ధతిలో విల్లు వేటకు విడి సీజన్ 1934లో విస్కాన్సిన్‌లో మొదలైంది. దాని వెనకున్న లెక్క తేలికైనదే. తుపాకీతో వంద గజాల అవతలి దుప్పిని కొట్టడం మామూలు విషయం. విల్లుతో ఇరవై, ముప్పై గజాల్లోపు రావాలి. అంత దగ్గరికి వచ్చేసరికి వాసన పసిగట్టో, చిన్న కదలిక చూసో దుప్పి పారిపోతుంది. విల్లు పట్టినవాళ్లలో చాలామంది సీజన్ మొత్తం తిరిగినా ఖాళీ చేతులతో ఇంటికొస్తారు. దుప్పుల సంఖ్య మీద ప్రభావం తక్కువ కాబట్టి వాళ్లకు ఎక్కువ రోజులు ఇచ్చినా నష్టం లేదని రాష్ట్రాలు భావించాయి. కష్టానికి బదులుగా కాలం ఇచ్చారన్నమాట.

ఉదాహరణకు విస్కాన్సిన్‌లో విల్లు సీజన్ సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగుతుంది. ప్రధాన తుపాకీ సీజన్ నవంబరు నాలుగో వారం అటూ ఇటూగా తొమ్మిది రోజులు. ఈ అమరికలో ఒక విలువైన ముక్క దాగి ఉంది. తెల్లతోక దుప్పులు ఎదకొచ్చేది ఉత్తరాది రాష్ట్రాల్లో ముఖ్యంగా నవంబరు మొదటి సగంలో. ఏడాదంతా చీకట్లోనే తిరిగే పెద్ద కొమ్ముల మగ దుప్పి ఆ రెండు వారాలూ ఆడదాని వాసన పట్టుకుని పట్టపగలే తిరుగుతుంది, జాగ్రత్త మరిచిపోతుంది. చాలా రాష్ట్రాల్లో ఆ రోజులు తుపాకీ వాళ్లకు దక్కవు, విల్లు వాళ్లకే దక్కుతాయి. విల్లు పట్టడం నేర్చుకోవడానికి నెలలు వెచ్చించినవాళ్లు ఆ రెండు వారాలను తమ కష్టార్జితంగా చూస్తారు. క్రాస్‌బోను విల్లు సీజన్‌లోకి రానివ్వడమంటే ఆ రెండు వారాల్లో ఇంకొకరికి భాగం ఇవ్వడమే. చర్చ ఎందుకు అంత వేడెక్కుతుందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తేడా ఎక్కడుంది

విల్లులో మూడు రకాలున్నాయి. సాదా విల్లులో ఎంత లాగితే అంత బరువు పెరుగుతుంది. వేట విల్లు అల్లెతాడు పూర్తిగా లాగి పట్టుకోవడమంటే ఇరవై కిలోల బరువును మూడు వేళ్లతో పట్టుకుని నిలబడటం లాంటిది. రెండోది కాంపౌండ్ విల్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది ఈ విల్లుతోనే. కొసల్లో బావి గిలకల్లాంటి చక్రాలుంటాయి. ముప్పై కిలోల దాకా లాగాల్సి వచ్చినా, పూర్తిగా లాగాక ఆ చక్రాలు తిరిగిపోయి చేతి మీద ఆరేడు కిలోలే మిగులుతుంది. గురి చూడటానికి తీరిక దొరుకుతుంది.

మూడోది క్రాస్‌బో. ఒక కర్ర మీద విల్లును అడ్డంగా బిగించి, అల్లెతాడును వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తారు. లాగాల్సిన బరువు 70 నుంచి 90 కిలోలు ఉండొచ్చు గానీ ఆ పని తాడుతోనో, గిర్రతోనో ముందే అయిపోతుంది. తర్వాత గంటల తరబడి మంచె మీద కూర్చున్నా చేతికి శ్రమ లేదు. దుప్పి వచ్చినప్పుడు దుర్భిణిలో చూసి మీట నొక్కడమే.

బరువు మూడింతలు కాబట్టి శక్తీ మూడింతలనుకోకూడదు. బాణానికి అందే శక్తి, లాగిన బరువుతో పాటు తాడు బాణాన్ని ఎంత దూరం తోస్తుందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. కాంపౌండ్‌లో ఆ దూరం అర మీటరు దాకా ఉంటుంది. క్రాస్‌బోలో 30, 40 సెంటీమీటర్లే. 26 గ్రాముల బాణం కాంపౌండ్ నుంచి సెకనుకు 88 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి సుమారు 100 జౌళ్లు. అదే బరువున్న బోల్ట్, అంటే క్రాస్‌బో వాడే పొట్టి బాణం, 122 మీటర్ల వేగంతో వెళ్తే 190 జౌళ్లు. దుప్పి వేటకు వాడే మామూలు రైఫిల్ తూటా శక్తి 3,500 జౌళ్లకు పైమాటే. ‘క్రాస్‌బో అంటే తుపాకీయే’ అన్న వాదన ఈ అంకెల దగ్గర నిలబడదు. కాంపౌండ్, క్రాస్‌బో రెండూ వదిలేది బాణాలే. చంపేది పదునైన ములికి కోసే కోత, దానివల్ల కారే రక్తం. తూటాలా దెబ్బకు కూల్చే శక్తి వాటికి లేదు.

అలాగని తేడా లేదనడమూ పొరపాటే. బాణం నేల వైపు ఎంత దిగుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. గాలి నిరోధం పక్కన పెడితే, పైన చెప్పిన కాంపౌండ్ బాణం 30 మీటర్ల దగ్గర 57 సెంటీమీటర్లు, 40 మీటర్ల దగ్గర 101 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే దూరాన్ని పది మీటర్లు తప్పుగా అంచనా వేస్తే దెబ్బ 44 సెంటీమీటర్లు కిందికి పోతుంది. క్రాస్‌బోలో అదే పొరపాటుకు తేడా 23 సెంటీమీటర్లు. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా కొలిస్తే 20 నుంచి 25 సెంటీమీటర్లు. క్రాస్‌బో పొరపాటును సగానికి తగ్గిస్తుంది, పూర్తిగా క్షమించదు.

శబ్దం మరో హద్దు. అల్లెతాడు చప్పుడు బాణం కన్నా ముందే దుప్పికి చేరుతుంది. 40 మీటర్ల దూరంలో శబ్దం 0.12 సెకన్లలో చేరితే బోల్ట్‌కు 0.33 సెకన్లు పడుతుంది. ఆ మిగిలిన ఐదో వంతు సెకనులో ఉలిక్కిపడిన దుప్పి పరుగుకు సిద్ధమవుతూ కాళ్లు ముడుస్తుంది, శరీరం కిందికి దిగుతుంది. బోల్ట్ వీపు మీదుగా పోతుంది, లేదా చావు రాని చోట గుచ్చుకుంటుంది. పెట్టె మీద ఎంత వేగం రాసి ఉన్నా ప్రకృతి పెట్టిన ఈ హద్దును దాటలేరు. అందుకే అనుభవమున్న క్రాస్‌బో వేటగాళ్లు కూడా యాభై గజాల లోపే ఆగిపోతారు.

ఇవన్నీ చూశాక అసలు తేడా బాణం ప్రయాణంలో కన్నా దానికి ముందు క్షణాల్లో ఎక్కువ ఉందని తేలుతుంది. విల్లు వేటగాడు దుప్పి కళ్లముందుండగా చేతులెత్తి తాడు లాగాలి. ఆ కదలికే చాలాసార్లు వేటను చెడగొడుతుంది. క్రాస్‌బోకు ఆ కదలిక లేదు. విల్లు గురి కుదరాలంటే వేసవంతా రోజూ సాధన చేయాలి. క్రాస్‌బో గురి ఒక మధ్యాహ్నంలో కుదురుతుంది. అయితే రెండో దెబ్బకు మళ్లీ ఎక్కుపెట్టడానికి క్రాస్‌బోకే ఎక్కువ సమయం పడుతుంది. బరువూ ఎక్కువే. ఇరుకు మంచెలో దాని అడ్డ విల్లు దేనికో ఒకదానికి తగులుతూనే ఉంటుంది.

పాత తగువే

తేలిగ్గా నేర్చుకోగల ఆయుధం మీద అనుమానం కొత్తది కాదు. 1139లో క్రైస్తవ మతపెద్దల రెండో లాటరన్ మహాసభ తోటి క్రైస్తవుల మీద విలుకాళ్లనూ క్రాస్‌బో వాళ్లనూ ప్రయోగించరాదని తీర్మానించింది. అది పెద్దగా అమలు కాలేదు. 1199లో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ క్రాస్‌బో దెబ్బకే చనిపోయాడు. తర్వాత ట్యూడర్ రాజుల కాలంలో ఇంగ్లండ్‌లో ఆస్తిపరులు తప్ప మిగతావారు క్రాస్‌బో ఉంచుకోకూడదని చట్టాలు చేశారు. జనం తేలిక దారి పట్టి పొడుగు విల్లు సాధన మానేస్తారన్న చింత వాటి వెనక ఉంది. ఇవాళ అమెరికా విల్లు వేటగాళ్లు చెప్పే మాటకూ దీనికీ పెద్ద తేడా లేదు.

కాంపౌండ్ విల్లు కూడా ఒకప్పుడు ఈ బోనులోనే నిలబడింది. మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్ దాన్ని తయారుచేసి 1969లో పేటెంటు పొందాడు. చక్రాలు పెట్టినది విల్లే కాదని అప్పటి సంప్రదాయ విలుకాళ్లు గట్టిగా వాదించారు. ఇరవై ఏళ్లు తిరగకుండానే అదే మామూలు విల్లు అయింది. ఇవాళ క్రాస్‌బోను వద్దనేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది కాంపౌండే. 1961లో ఏర్పడిన పోప్ అండ్ యంగ్ క్లబ్ విల్లుతో కొట్టిన పెద్ద కొమ్ముల రికార్డులు నమోదు చేస్తుంది. కాంపౌండ్‌ను ఒప్పుకున్న ఆ క్లబ్ క్రాస్‌బో వేటను నమోదు చేయదు. చేత్తో లాగి, చేత్తో పట్టుకుని, చేత్తో వదిలేదే విల్లు అన్నది వాళ్ల గీత.

గొట్టంలోంచి మందు కూరే పాతకాలపు తుపాకుల విషయంలోనూ ఇదే జరిగింది. వాటి కోసం విడి సీజన్లు పెట్టాక, 1980ల నుంచి లోపల ఆధునికంగా, పైకి మాత్రం పాత పద్ధతిలో పనిచేసే తుపాకులు వచ్చాయి. పెన్సిల్వేనియా మాత్రం క్రిస్మస్ తర్వాతి సీజన్‌ను చెకుముకి రాయి తుపాకులకే ఉంచింది. కొలరాడో తన పాతకాలపు తుపాకుల సీజన్‌లో దుర్భిణి బిగించడాన్ని ఒప్పుకోదు. గీత ఎక్కడ గీయాలో ప్రకృతి చెప్పదు, ఏ గీత గీసినా మనుషులు తేల్చుకున్నదే. అది ఎందుకు గీస్తున్నారో ముందే చెప్పుకుంటే మంచిది.

ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి

చాలా రాష్ట్రాల్లో వరస ఒకేలా ఉంది. ముందు చేతులు పనిచేయని దివ్యాంగులకు డాక్టరు సర్టిఫికెట్ మీద, తర్వాత ఒక వయసు దాటినవాళ్లకు, ఆ తర్వాత సీజన్‌లో కొన్ని రోజులు అందరికీ, చివరికి మొత్తం సీజన్.

అర్కాన్సా, ఒహాయో 1970లలోనే తలుపు తెరిచాయి. ఒహాయో అనుభవాన్ని మిగతా రాష్ట్రాలు పాఠంలా చదువుకున్నాయి. పెన్సిల్వేనియా 2009లో విల్లు సీజన్ అంతటా అనుమతించింది. మిషిగన్ అదే ఏడాది దక్షిణ భాగంలో అందరికీ, మిగతా చోట్ల మొదట 50 ఏళ్లు నిండినవారికి ఇచ్చింది. విస్కాన్సిన్ 2013లో చట్టం చేసి 2014 నుంచి క్రాస్‌బోకు విడి లైసెన్సు పెట్టింది, తేదీలు మాత్రం విల్లు సీజన్‌తో కలిసే నడుస్తాయి. ఇల్లినాయ్ 2017లో అందరికీ తెరిచింది. మిన్నెసోటాలో 60 ఏళ్లు దాటినవాళ్లకే ఉన్న వీలును 2023లో ప్రయోగంగా అన్ని వయసులవారికీ ఇచ్చారు.

న్యూయార్క్ 2014లో తెచ్చిన నిబంధన ఆసక్తికరమైనది. దక్షిణ ప్రాంతంలో తొలి విల్లు సీజన్ చివరి 14 రోజులు మాత్రమే క్రాస్‌బోకు ఇచ్చారు. ఇళ్లకు ఎంత దూరం పాటించాలన్న నియమం చూస్తే ఆ చట్టం క్రాస్‌బోను ఎలా చూసిందో తెలుస్తుంది. విల్లుకు 150 అడుగులు, తుపాకీకి 500, క్రాస్‌బోకు 250. అటూ కాదు, ఇటూ కాదు. పైన చూసిన భౌతిక లెక్కలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి కాబట్టి ఈ మధ్యస్థ స్థానం సమంజసంగానే కనిపిస్తుంది.

ఇక ఆరెగన్ వేటలో క్రాస్‌బోను ఏ సీజన్‌లోనూ ఒప్పుకోని రాష్ట్రంగా ఎంతోకాలంగా పేరుపడింది.

ఇప్పుడే ఎందుకు

మొదటి కారణం వయసు. యుద్ధం తర్వాత పుట్టిన పెద్ద తరం అమెరికా వేటకు వెన్నెముక. వాళ్లకు ఇప్పుడు డెబ్భై దాటుతోంది. భుజం కీలు అరిగితే ముప్పై కిలోల విల్లు లాగలేరు. కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం వేటాడేవారు 2011లో కోటి 37 లక్షలు, 2016లో కోటి 15 లక్షలు. ఐదేళ్లలో ఇరవై లక్షలకు పైగా తగ్గడం వన్యప్రాణి శాఖలను కలవరపెట్టింది. క్రాస్‌బో ఇస్తే పెద్దవాళ్లు మరికొన్నేళ్లు అడవికి వస్తారు. సాధనకు తీరిక లేని ఉద్యోగులు, పిల్లలు, ఆడవాళ్లు కొత్తగా వస్తారన్న ఆశ కూడా ఉంది.

రెండోది దుప్పుల బెడద. ఆ దేశంలో ఏటా పది లక్షలకు పైగా వాహనాలు దుప్పులను గుద్దుకుంటాయి, జంతువులు అడ్డొచ్చిన ప్రమాదాల్లో సుమారు 200 మంది చనిపోతారు. పంట నష్టం వేరే. అడవిలో మొలిచిన మొక్కను మొలిచినట్టే మేసేస్తుంటే కొత్త చెట్లు లేవలేవు. దుప్పుల మెదడును తినేసే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే అంటువ్యాధి 2002లో విస్కాన్సిన్‌లో బయటపడినప్పటి నుంచి మంద సాంద్రత తగ్గించాలన్న ఒత్తిడి పెరిగింది.

మూడోది వ్యాపారం. మంచి క్రాస్‌బో ఖరీదు వేల డాలర్లకు కూడా వెళ్తుంది. తయారీదారులకు ఇది పెద్ద మార్కెట్టు, అనుమతి కోసం వాళ్లు గట్టిగా ప్రయత్నించారు. దీన్ని దాచాల్సిన పని లేదు, అలాగని ఇదొక్కటే కారణమన్న ఆరోపణా నిలవదు. మంచె ఎక్కలేని, విల్లు లాగలేని పెద్దాయన అవసరం నిజమైనదే.

అనుమతించాక ఏం జరిగింది

విస్కాన్సిన్ చెప్పేది స్పష్టంగా ఉంది. నాలుగైదేళ్లలోనే క్రాస్‌బోతో పడిన దుప్పుల సంఖ్య విల్లుతో పడినవాటితో సమానమై, తర్వాత దాటిపోయింది. ఒహాయో, పెన్సిల్వేనియాల్లోనూ క్రాస్‌బోదే పైచేయి. కానీ రెండూ కలిపి చూస్తే మొత్తం అదే స్థాయిలో ఎగబాకలేదు. విల్లు పక్కన పెట్టి క్రాస్‌బో పట్టినవాళ్లు, తుపాకీ సీజన్ కోసం ఎదురుచూడకుండా అక్టోబరులోనే పని ముగించుకున్నవాళ్లు ఈ లెక్కలో ఎక్కువ. కొత్తగా వేటకు వచ్చినవాళ్లు ఆశించినంత మంది లేరు. వేటగాళ్ల తగ్గుదలకు ఇదే మందు అని చెప్పినవాళ్లు ఈ విషయాన్ని ఒప్పుకోవాలి.

దుప్పుల జనాభా మాటేమిటి? ఇక్కడే చర్చ తరచూ దారి తప్పుతుంది. ఒక మగ దుప్పి ఎన్నో ఆడవాటితో జతకడుతుంది. కాబట్టి మగవి కొన్ని తగ్గినంత మాత్రాన వచ్చే వేసవిలో పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా మారదు. మందను పెంచేదీ తగ్గించేదీ కొమ్ముల్లేని దుప్పులను, అంటే ముఖ్యంగా ఆడవాటిని, కొట్టడానికి ఇచ్చే పర్మిట్ల సంఖ్య. ఆ సంఖ్య రాష్ట్రం చేతిలోనే ఉంటుంది, ప్రాంతాన్ని బట్టి ఏటా మార్చవచ్చు. క్రాస్‌బో వల్ల దుప్పులు అంతరిస్తాయన్న భయం ఆ పర్మిట్ల లెక్కను మరిచిపోతుంది.

నిజంగా మారేది పెద్ద మగ దుప్పుల పంపకం. ఎదకాలపు రెండు వారాల్లో తేలిక ఆయుధం ఎక్కువమంది చేతిలో ఉంటే, నవంబరు చివర తుపాకీ సీజన్ మొదలయ్యేనాటికి కొమ్ములున్న దుప్పులు తక్కువ మిగులుతాయి. ఏడాదిలో ఒక్క వారం సెలవు పెట్టి అన్నదమ్ములు, కొడుకులతో కలిసి పాత కుటుంబ మకాంకు వెళ్లే తుపాకీ వేటగాడికి ఇది నేరుగా తగిలే నష్టం. క్రాస్‌బో గొడవను విల్లు వాళ్లకూ క్రాస్‌బో వాళ్లకూ మధ్య తగువుగా చూపించడంలో ఈ మూడో వ్యక్తి కనుమరుగవుతున్నాడు.

గాయపడి తప్పించుకున్నవి

ఏ ఆయుధమైనా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. దెబ్బ తిని దొరక్కుండా పోయిన జంతువులు ఎన్ని? మేరీలాండ్‌లో ఒక నౌకాదళ స్థావరంలో 1989 నుంచి 2006 దాకా విల్లు వేటను దగ్గరగా గమనించారు. అందరికీ గురి పరీక్ష పెట్టాకే వేటకు అనుమతించిన చోటు అది. బాణం తగిలిన దుప్పుల్లో 18 శాతం దొరకలేదు. కాంపౌండ్ వాడినవారికీ క్రాస్‌బో వాడినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పరీక్ష నెగ్గినవాళ్లలోనే దాదాపు ఐదింట ఒకటి చేజారిందంటే, పరీక్ష లేని చోట పరిస్థితిని తేలిగ్గా తీసుకోలేం. క్రాస్‌బో గురిని సులువు చేస్తుంది నిజమే. అదే సులువు కొత్తవాళ్లను దూరపు దెబ్బలకు ఉసిగొల్పుతుంది. దుర్భిణిలో అరవై గజాల దుప్పి కూడా దగ్గరగానే కనిపిస్తుంది, కానీ శబ్దం లెక్క అక్కడా మారదు. క్రాస్‌బోను అనుమతించే రాష్ట్రాలు దూరం అంచనా, బాణం తగిలాక అరగంట ఆగి రక్తపు జాడ పట్టి వెతకడం లాంటివి శిక్షణలో తప్పనిసరి చేయాలి. ఈ మొత్తం చర్చలో జంతువు పడే బాధను కొలిచే అంకె, దెబ్బ తిని దొరక్కుండా పోయినవి ఎన్ని అన్నదొక్కటే.

మనుషుల భద్రత విషయంలో క్రాస్‌బోకు సొంత ప్రమాదాలున్నాయి. ఎక్కుపెట్టిన క్రాస్‌బోను ఊరికే దించడం కష్టం, చాలావాటిలో నేలలోకో మెత్తటి దిమ్మలోకో వదలాల్సిందే. బొటనవేలు తాడు దారిలో ఉంటే తెగిపోతుంది. అయితే విల్లు సీజన్‌లో అందరినీ ఎక్కువగా దెబ్బతీసేది బాణం కాదు, చెట్టు మీది మంచె నుంచి జారిపడటం.

ఇళ్ల మధ్యకు వచ్చిన దుప్పి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్ శివారుల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయం వేట గురించి ఏమీ తెలియకపోయినా తగులుతుంది. పెరట్లో వేసిన గోంగూర మడి, బీరపాదు రాత్రికి రాత్రి మాయమవుతుంది. అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో ఆఫీసు నుంచి కారులో వస్తుంటే గుండె గుప్పిట్లో పెట్టుకోవాలి. దుప్పుల ఒంటి మీద బతికే పిడుదులు లైమ్ జబ్బును మోసుకొస్తాయన్న టెన్షన్ పిల్లలున్న ఇళ్లలో ఉంటుంది.

అలాంటి చోట తుపాకీ పేల్చనివ్వరు. న్యూజెర్సీలో తుపాకీ వేటకు ఇళ్ల నుంచి 450 అడుగుల దూరం ఉండాలి. విల్లు వేటకు ఆ హద్దును 2010లో 150 అడుగులకు తగ్గించారు. ఇళ్ల మధ్య చిన్న అడవి ముక్కల్లో దాక్కునే దుప్పులను అందుకోవడానికే ఆ మార్పు. క్రాస్‌బోకు చప్పుడు తక్కువ, బాణం ఎక్కువ దూరం పోదు, మంచె మీంచి కిందికి కొడతారు కాబట్టి తప్పినా నేలలో దిగుతుంది. అడవుల్లో ఎలా ఉన్నా శివారుల్లో క్రాస్‌బోకు ఉన్న వాదన బలమైనది. పెరటి వెనక చెట్ల మీద ఎవరో కూర్చున్నారంటే భయపడేవాళ్లు తమ టౌన్‌షిప్ నియమాలు, ఆ మనిషికి స్థలం యజమాని అనుమతి ఉందా లేదా అన్నవి తెలుసుకోవచ్చు.

పడమర ఎందుకు ఒప్పుకోదు

కొలరాడో, ఐడహో, మోంటానా రాష్ట్రాలు విల్లు సీజన్‌లో క్రాస్‌బోను దివ్యాంగులకు ఇచ్చే మినహాయింపులకు మించి రానివ్వవు. అక్కడివాళ్లు ఛాందసులని తూర్పు వాళ్లు అనుకుంటారు గానీ కారణం వేరే. అక్కడ ప్రధానమైనవి ఎల్క్ అనే పెద్ద దుప్పి, గాడిద చెవుల మ్యూల్ దుప్పి. వాటి సంఖ్య తెల్లతోకలా కోట్లలో లేదు. మంచి ప్రాంతాల్లో లైసెన్సులు లాటరీలో పంచుతారు, కొన్నిచోట్ల దరఖాస్తు పెట్టి ఏళ్లు ఆగాలి. ఎల్క్ ఎదకొచ్చేది సెప్టెంబరులో, సరిగ్గా విల్లు సీజన్‌లో. మగ ఎల్క్ కొండలు మారుమోగేలా అరుస్తూ తానెక్కడుందో తానే చెబుతుంది.

అలాంటి రోజుల్లో, జంతువులు లెక్కపెట్టినన్నే ఉన్న చోట, వేటగాళ్లు సులువుగా నెగ్గే ఆయుధం వస్తే రాష్ట్రానికి మిగిలే దారులు రెండే. లైసెన్సుల సంఖ్య తగ్గించడం, లేదా సీజన్ రోజులు తగ్గించడం. ఒహాయోలో మిగులు దుప్పులు ఆ భారాన్ని మోశాయి. కొలరాడోలో ఆ మిగులు లేదు. అందుకే అక్కడి విల్లు వేటగాళ్లు క్రాస్‌బో మాట వచ్చిన ప్రతిసారీ ముందు అడిగేది ఒకటే: మా సెప్టెంబరులో ఎన్ని రోజులు పోతాయి?